ఎడమ చక్రం

పోయినేడు వానాకాలంలో రెండు నెలలు నేను రెండు బస్సులు మారి బడికి వెళ్లాను. మెట్టుగూడలో ఆరుంబావుకు ఒకటి, సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఇంకొకటి. బోయిన్‌పల్లిలో దిగి, మార్కెట్‌కు వచ్చిన కూరగాయల లారీల మధ్య బురదలో నడిచి, బడి గేటు చేరేసరికి చీర కుచ్చిళ్లు సగం తడిసిపోయేవి. ఆ తడి చీరతోనే నిలబడి ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పేదాన్ని. మా కారు మాత్రం ఇంటి ముందు కవరు కప్పుకుని పొడిగా ఉండేది.

"ఆడవాళ్లకు ఫ్రీ బస్సేగా. హాయిగా వెళ్లి రా" అనేవాడు మా ఆయన నతానియేల్.

ఆ 'హాయిగా' వినగానే ఒళ్లు మండేది. మండినా ఏమీ అనేదాన్ని కాదు. అనే హక్కు నాకు లేదనుకున్నాను.

జూన్ పదమూడున, బడులు తెరిచిన రెండో రోజు, జరిగిందది. నాకు లైసెన్సు వచ్చి నెల కూడా కాలేదు. సాయంత్రం మా అత్తయ్య రోసమ్మగారిని మోండా మార్కెట్‌కు తీసుకెళ్లి వస్తున్నాను. అప్పుడే పెద్ద వాన కురిసి వెలిసింది. ఆలుగడ్డబావి దాటాక రోడ్డు మీద నీళ్లు నిలిచి ఉన్నాయి. వేగం లేదు, రెండో గేరులో ఉన్నాను. నీళ్ల కింద గుంట ఉందని తెలియలేదు. ఎడమ చక్రం అందులో పడింది. టక్‌మని ఒక చప్పుడు. బండి పక్కకు గుంజింది. నేను స్టీరింగ్‌ను కుడికి తిప్పాను. బండి ఎడమకు పోయింది. ఫుట్‌పాత్ ఎక్కి ఒక ప్రహరీగోడను గుద్దుకుంది. వంకాయలు, టమాటాలు సీట్ల కింద దొర్లాయి. ఎడమ సీట్లో కూర్చున్న అత్తయ్య భుజం డోరుకు కొట్టుకుని ఎముక విరిగింది.

నతానియేల్ ఆఫీసు నుంచి నేరుగా ఆసుపత్రికి వచ్చాడు. నేను కాఫీ మిషను పక్కన, చెప్పులు కూడా లేకుండా నిలబడి ఉన్నాను. డాక్టరు ఎలా జరిగిందని అడిగింది నన్ను. జవాబు చెప్పింది అతను.

"కొత్తగా నేర్చుకుంది డాక్టర్. బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కేసింది."

"మీరు అక్కడ లేరు కదండీ" అన్నాను. "నేను కుడికే తిప్పాను. బండి మాట వినలేదు."

డాక్టరు నవ్వింది. చెడ్డ నవ్వు కాదు, జాలి నవ్వు. కొత్త డ్రైవర్లంతా ఇలాగే అంటారమ్మా అన్నట్టు నవ్వింది. అత్తయ్య పక్కనే స్ట్రెచర్ మీద కళ్లు మూసుకుని ఉంది.

ఆ మాట అంతటితో స్థిరపడిపోయింది. లైటు, బంపరు బాగుచేయించి బండిని తెచ్చి ఇంటి ముందు పెట్టారు. తాళం నతానియేల్ బీరువాలో పెట్టుకున్నాడు. కొత్తిమీరకు కూడా కారులో వెళ్లే మనిషి, ఆ రోజు నుంచి మెట్రోలో ఆఫీసుకు వెళ్లడం మొదలుపెట్టాడు. "నీ దెబ్బకు నాకూ ఆ బండి మీద మనసు విరిగింది" అన్నాడు. నిజమే కాబోలు అనుకున్నాను. మా జోయా పదో తరగతి. "అమ్మా, ట్యూషన్‌కి ఆటోలో వెళ్తా, నువ్వు మళ్లీ బండి తీసినా నేను ఎక్కను" అని ముందే చెప్పేసింది.

రెండు వారాలు గడిచేసరికి నాకే అనుమానం మొదలైంది. ఏమో, యాక్సిలరేటరే తొక్కానేమో. బస్సులో కూర్చుని కుడి పాదం వైపు చూసుకునేదాన్ని. నిద్రలో ఆ పాదం ఉలిక్కిపడి మంచం చివర్ని తన్నేది. పదిహేనేళ్లుగా పిల్లలకు లెక్క చేసి సరిచూసుకోమని చెప్పే మనిషిని నేను. నా పాదాన్ని నేనే నమ్మడం మానేశాను.

జూలై రెండో ఆదివారం చర్చిలో సాక్ష్యాల సమయంలో అత్తయ్య లేచింది. ముప్పై ఏళ్లు మిషన్ స్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. మైకు పట్టుకుంటే ఎక్కడా తడబడదు. ఎడమ చెయ్యి స్లింగులో వేలాడుతుంటే, కుడి చేత్తో మైకు పట్టుకుని చెప్పింది.

"మా కోడలి తొందరపాటును ప్రభువు మన్నించి, నన్ను మీ మధ్య సజీవురాలిగా నిలబెట్టాడు."

అందరూ ఆమెన్ అన్నారు. నా పక్కన కూర్చున్న నతానియేల్ కూడా ఆమెన్ అన్నాడు. మెల్లగా, స్పష్టంగా. నేను విన్నాను.

ఆరాధన అయ్యాక చెట్టు కింద టీలు తాగుతుంటే ఎవరో నన్ను పలకరించి, "ఇంకా నడుపుతున్నావా ప్రిసిల్లా?" అని అడిగారు. మా ఆయన సంఘం కమిటీకి సెక్రెటరీ, నలుగురిలో మాట్లాడటం అలవాటు. "మా ఆవిడకు బ్రేకుకీ యాక్సిలరేటర్‌కీ తేడా చెప్పడానికి ప్రత్యేక ప్రార్థన కూడిక పెట్టాలండీ" అన్నాడు. పదిమందీ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆగస్టు రెండో శనివారం బడికి సెలవు. కారు కవరు గాలికి ఎగిరిపోయి సగం నేల మీద పడి ఉంటే, కట్టడానికి బయటికి వచ్చాను. ఎదురింటి జకర్యా అంకుల్ వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఎనిమిదేళ్లు ఫిట్టరు పని చేశాడాయన. మోకాళ్లు అరిగిపోయి కర్ర పట్టుకుని నడుస్తాడు.

"బండి తీస్తలేవేంది బిడ్డా?" అని అడిగాడు.

"నాకు నడపడం రాదు కదా అంకుల్. చర్చిలో మీరూ విన్నారుగా" అన్నాను, కవరు తాడును అవసరం కన్నా గట్టిగా లాగుతూ.

"విన్న. నమ్మలే."

తాడు వదిలేశాను. "ఎందుకు?"

ఆయన కర్ర ఊతంగా లేచి, రోడ్డు దాటి వచ్చి, ఆ కర్రతోనే ముందు ఎడమ టైరును చూపించాడు. "వంగి చూడు. లోపలి అంచు ఎట్లున్నది?"

చూశాను. టైరు బయటి వైపు గాట్లు బాగానే ఉన్నాయి. లోపలి అంచు మాత్రం నున్నగా, గుండు చేసినట్టు ఉంది.

"బ్రేకుకు బదులు యాక్సిలరేటర్ తొక్కితే టైరు గిట్ల అరుగుతదా? ఈ చక్రం ఎన్ని దినాల సంది వంకర తిరుగుతున్నదో. నెల నుంచి చూస్తున్న. మీ ఇంటి ముచ్చట, నాకెందుకని ఊకున్న." కర్ర కొసతో టైరును మళ్లీ తట్టాడు. "ఊకుండుడు తప్పు."

నేను లోపలికి వెళ్లి బీరువా తీసి తాళం తెచ్చాను. నతానియేల్ శనివారం ఒక పూట ఆఫీసు. అత్తయ్య గదిలో రేడియో వింటోంది. నన్నెవరూ అడగలేదు.

కారులో ఇచ్చిన జాకీని అంకుల్ నమ్మడు. తన ఇంట్లోంచి సొంత జాకీ, ఇనప స్టాండు తెప్పించాడు. వెనక చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టించాడు. ఆయన కింద కూర్చోలేడు కనుక కుర్చీలో కూర్చుని చెప్పాడు, నేను చేశాను. ముందు భాగం పైకి లేచాక, "చక్రాన్ని రెండు పక్కల పట్టుకో. ఎడమ చెయ్యి తొమ్మిది కాడ, కుడి చెయ్యి మూడు కాడ. ఇప్పుడు అటు ఇటు ఊపు" అన్నాడు.

ఊపాను. టక్, టక్.

అదే చప్పుడు. ఆ సాయంత్రం నీళ్ల గుంటలో వినిపించిన చప్పుడు.

"ఇనబడ్డదా?" అన్నాడు అంకుల్. "లోపల స్టీరింగ్‌ను చక్రంతోని కలిపే టై రాడ్ కీలు పోయింది. నువ్వు స్టీరింగ్ ఎట్ల తిప్పినా దీని ఇష్టమున్నట్టు ఇది పోతది. దించు మళ్ల. చక్రం గాల్ల ఉంటే నట్లు రావు. చక్రం విప్పి చూద్దం. చక్రం పానా డిక్కీల ఉంటది."

డిక్కీ తెరిచి, మ్యాటు ఎత్తి, స్టెప్నీ పక్కన చెయ్యి పెట్టాను. పానా తగిలింది. దాని వెనక అట్టపెట్టె ఒకటి తగిలింది.

బయటికి తీశాను. కొత్త పెట్టె. టేపు కూడా విప్పలేదు. దాని మీద నల్ల స్కెచ్ పెన్నుతో రాసిన అక్షరాలు: 'లెఫ్ట్ సైడ్ – అర్జెంట్.' టేపు కింద మడిచిపెట్టిన బిల్లు. రాణిగంజ్‌లో ఏదో స్పేర్ పార్ట్స్ దుకాణం పేరు. ఏప్రిల్ పంతొమ్మిది. కింద నతానియేల్ పేరు, అతని ఫోన్ నంబరు.

వాన జల్లు మొదలైంది. గోడను గుద్దిన రోజు కూడా ఈ పెట్టె ఇక్కడే ఉంది. టమాటాలతో పాటు ఇదీ ఒక పక్కకు జరిగి ఉంటుంది.

"దొరకలేదా బిడ్డా?"

పానా, పెట్టె రెండూ తెచ్చి అంకుల్ పక్కన ఉన్న స్టూలు మీద పెట్టాను. ఆయన టేపు చింపి చూశాడు. రెండు వైపులకూ టై రాడ్లు, వాటి చివరి కీళ్లు, కీళ్ల మీద తొడిగే రెండు రబ్బరు బూట్లు, క్లిప్పులు. అన్నీ వరసగా ఉన్నాయి. ఆ తర్వాత బిల్లు విప్పి, దూరంగా పట్టుకుని చదివాడు. కళ్లద్దాలు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నాడు.

"ఏప్రిల్‌ది."

"అవును."

"నీకెరికనా?"

"ఇప్పుడే తెలిసింది."

ఆయన నా మొహం వైపు చూడలేదు. పెట్టె వైపే చూస్తూ, "పని చేద్దమా, ఇయ్యాలకు వద్దా?" అన్నాడు.

"చేద్దాం" అన్నాను.

చక్రం తీయగానే లోపల కనిపించింది. అకార్డియన్‌లా మడతలు మడతలుగా ఉండాల్సిన రబ్బరు బూటు అడ్డంగా చిరిగి వేలాడుతోంది. లోపలి గ్రీజంతా బయటికి చిమ్మి మట్టితో కలిసి నల్లగా గడ్డకట్టింది. ఆ చిరుగులోంచి నీళ్లు, ఇసుక లోపలికి పోయి కీలును తినేశాయని అంకుల్ చెప్పాడు. "ఒక్క దినంల చిరిగింది కాదిది" అన్నాడు. చివరి నట్టుకు అడ్డం ఉన్న పిన్ను తుప్పుపట్టి రాలేదు. కటింగ్ ప్లేయరుతో పట్టి లాగి లాగి తీశాను. బొటనవేలి గోరు చీలింది. నట్టు విప్పాక కూడా కీలు వదల్లేదు. సుత్తి తీసుకుని కొట్టాను. ఇంకా గట్టిగా కొట్టాను.

"ఆగాగు. కోపం మీద కొట్టకు. నట్టు మర మీద కొడితే మర ఖరాబైతది. పక్కన ఆ లావుపాటి చెవి ఉన్నది చూడు, దాని మీద కొట్టు. రెండే రెండు దెబ్బలు, సరిగ్గ."

చెవి మీద రెండు దెబ్బలు వేశాను. రెండో దెబ్బకు కీలు ఊడి కింద పడింది.

"ఇప్పుడు చివరి ముక్క విప్పెటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టుకో. కొత్తది గన్ని చుట్లే ఎక్కియ్యాలె. లేకుంటే చక్రం దిక్కు మారుతది. నువ్వు లెక్కల టీచరువు, నేను చెప్పాల్నా?"

పద్దెనిమిది చుట్లు. గట్టిగా పైకే లెక్కపెట్టాను. పైప్ రెంచితో లోపలి కడ్డీని విప్పి చేతిలోకి తీసుకున్నాను. దాని తల కీలులో నిలబడలేదు. మెడ విరిగిన కోడిలా వాలిపోయింది. కొత్తదాన్ని తీసి పక్కకు వంచితే, ఎటు వంచితే అటే ఆగింది. రెండు నెలలు పాదం వైపు చూసుకుని ఏడ్చాను నేను. లోపమంతా ఈ జానెడు ఇనుములో ఉంది.

కొత్త బూటులోకి గ్రీజు పెడుతుండగా నతానియేల్ గేటు దగ్గరికి వచ్చాడు.

"ఏం చేస్తున్నావ్?"

నేను తల ఎత్తలేదు. "కనపడట్లేదా?"

"మెకానిక్‌ను పిలిస్తే సరిపోయేది కదా. అంకుల్‌ను ఎందుకు ఇబ్బంది పెట్టడం..." అంటూ దగ్గరికి వచ్చాడు. స్టూలు మీద పెట్టె చూశాడు.

జకర్యా అంకుల్ కర్ర అందుకున్నాడు. "నేను జెర చాయ్ తాగొస్త బిడ్డా" అని రోడ్డు దాటి వెళ్లిపోయాడు.

"ఇవి ఎప్పుడు కొన్నావు?" అన్నాను.

"బిల్లు చూసే ఉంటావుగా."

"నువ్వు చెప్పు."

"ఏప్రిల్లో. మెకానిక్ ఒక పూట బండి వదిలి వెళ్లమన్నాడు. ఆఫీసులో ఆడిట్ నడుస్తోంది, కుదర్లేదు. తర్వాత మర్చిపోయాను. నిజంగా మర్చిపోయాను ప్రిసిల్లా."

"మళ్లీ ఎప్పుడు గుర్తొచ్చింది?"

నేను క్లిప్పు బిగించాను. ఇంకో క్లిప్పు తీసుకున్నాను.

"ఎప్పుడు గుర్తొచ్చింది?"

"ఆ రోజే. హాస్పిటల్‌కి వస్తుంటే, దారిలో."

నా చేతిలో క్లిప్పు ఆగిపోయింది. దారిలో గుర్తొచ్చింది. ఆ తర్వాత మెట్లెక్కి వచ్చి, నన్ను పక్కన పెట్టుకుని, డాక్టరుతో ఆ మాట అన్నాడు. మరుపు వల్ల అన్న మాట కాదది. గుర్తొచ్చాక అన్న మాట.

"భయమేసింది" అన్నాడు. "అమ్మ అలా పడి ఉంది. నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక ఇంక వెనక్కి తీసుకోవడం ఎలాగో తెలీలేదు. అందుకేగా ఆ తర్వాత నేనూ బండి తియ్యలేదు, నిన్నూ తియ్యనివ్వలేదు. మళ్లీ ఏం జరక్కుండా చూశాను కదా."

"ఎంత జాగ్రత్త! చర్చిలో ఆమెన్ కూడా జాగ్రత్త కోసమే అన్నావా? కూడిక పెట్టాలని జోకు వేసి పదిమందిని నవ్వించింది కూడా అందుకేనా?"

అతను గేటు వైపు చూశాడు. ఎవరైనా వింటున్నారేమోనని. చివరికి ఏం దొరికిందో తెలుసా అతనికి అనడానికి?

"పదహారేళ్లలో ఎప్పుడూ నన్ను 'నువ్వు' అనలేదు నువ్వు."

"ఆ పానా ఇటియ్యి. పెద్దది."

ఇచ్చాడు.

"అమ్మకు నేనే చెప్తాను. టైం చూసి..."

"ఇవాళ. అన్నం దగ్గర. జోయా కూడా ఉన్నప్పుడు."

ఆ సాయంత్రం అన్నాలకు కూర్చున్నాం. నా గోళ్లలో గ్రీజు పోలేదు. పోగొట్టాలని నేనూ అంత ప్రయత్నించలేదు. నతానియేల్ పప్పు కలిపి, ముద్ద పెట్టుకోకుండా, పళ్లెంలోకి చూస్తూ అన్నాడు.

"అమ్మా, ఆ బండిలోనే ఏదో లోపం ఉందట."

ఉందట. పక్కవీధిలో ఎవరి ఇంట్లోనో దొంగలు పడ్డారని చెప్పినట్టు. గిన్నె ఎత్తి నేలకేసి కొడదామా అనిపించింది. నేను నోరు తెరిచేలోపే అత్తయ్య చెంచా కింద పెట్టింది.

"ఉందట ఏంట్రా? ఉంటే ఉంది, లేకపోతే లేదు. ఎవరు చెప్పారు?"

"మెకానిక్."

"ఎప్పుడు?"

"ఏప్రిల్లో."

"ఎవరికి చెప్పాడు?"

అతను కలిపిన ముద్దను పళ్లెం అంచుకు నెట్టాడు. "నాకు" అన్నాడు.

"అంటే అమ్మ తప్పు కాదా?" అంది జోయా. పిల్ల నా వైపు, వాళ్ల నాన్న వైపు మార్చి మార్చి చూసి, పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

అత్తయ్య కొడుకును ఎడాపెడా దులిపేసింది. సిగ్గు లేదా అంది, కట్టుకున్నదాన్ని నలుగురిలో నవ్వులపాలు చేస్తావా అంది, నిన్ను నేను ఇలాగేనా పెంచింది అంది. అతను తల వంచుకుని విన్నాడు. నేనూ విన్నాను. నిజం చెప్పాలంటే, ఆ తిట్లు వింటుంటే ప్రాణం లేచొచ్చింది. చర్చిలో ఆవిడ చెప్పిన సాక్ష్యాన్ని ఆ సాయంత్రమే సగం క్షమించేశాను.

మర్నాడు ఆదివారం నేను చర్చికి వెళ్లలేదు. అంకుల్ కూడా వెళ్లలేదు. కుడి వైపు కూడా మార్చేశాం. ఈసారి ఆయన పెద్దగా చెప్పాల్సిన అవసరం రాలేదు.

సోమవారం బడి నుంచి వచ్చి, వీల్ అలైన్‌మెంట్‌కు బయల్దేరుతుంటే అత్తయ్య చీర మార్చుకుని వాకిట్లోకి వచ్చింది. "నన్నూ తీసుకెళ్లు. అటునుంచి ఫిజియోథెరపీకి పోదాం" అంది. ముందు సీట్లో కూర్చుంది. ఎడమ చెయ్యి వెనక్కి వెళ్లదు కనుక బెల్టు నేనే వంగి పెట్టాను. బండి తీస్తున్నప్పుడు నా వీపు తడిసిపోయింది. మొదటి మలుపులో ఊపిరి బిగబట్టి కుడికి తిప్పాను. బండి కుడికే తిరిగింది.

అలైన్‌మెంట్ షాపులో కుర్రాడు తెర మీద అంకెలు చూసి, "కొంచెమే అవుట్ ఉన్నది మేడం. మంచిగ చేసిండు. ఏ షాపుల ఫిట్ చేయించిన్రు?" అని అడిగాడు.

"నేనే చేశాను."

వాడు నమ్మలేక అత్తయ్య వైపు చూశాడు. "అదే చేసింది" అంది అత్తయ్య, క్లాసులో హాజరు చెప్పినట్టు.

ఫిజియోథెరపీ అయ్యి తిరిగి వస్తుంటే తుంపర పడుతోంది. సంగీత్ చౌరస్తా దగ్గర సిగ్నల్ పడింది. ఆపాను. అత్తయ్య ముందు అద్దంలోంచి చూస్తూ ఉన్నట్టుండి అంది.

"ఆ రోజు నువ్వు కుడికే తిప్పావు ప్రిసిల్లా."

నేను వెంటనే అర్థం చేసుకోలేకపోయాను. "ఏంటత్తయ్యా?"

"స్టీరింగ్. నువ్వు కుడికి తిప్పావు, బండి ఎడమకు పోయింది. నేను పక్కనే ఉన్నాను కదా. చూశాను."

ముందున్న ఆటో పొగ వదులుతోంది. నేను స్టీరింగ్ మీద చేతులు తీయలేదు.

"చూశారా?"

"చూశాను."

"చూసి, చర్చిలో లేచి నిలబడి అలా చెప్పారా?"

"వాడు అప్పటికే డాక్టరుతో అనేశాడు. మన వాళ్లందరికీ తెలిసిపోయింది. నేను కాదంటే వాడు అబద్ధం చెప్పినట్టు అవుతుంది. సంఘంలో వాడికి ఒక పేరుంది."

"మరి నాకు?"

సిగ్నల్లో అంకెలు తగ్గుతున్నాయి.

"నువ్వు తట్టుకుంటావనుకున్నాను" అంది.

పచ్చలైటు పడింది. వెనక హారన్లు మొదలయ్యాయి. గేరు వేసి కదిలించాను. కోపం అనే మాట చాలదు దానికి. మొన్న కొడుకును నిలదీసిన ఆ గొంతే ఇది. అప్పుడు ఆ గొంతు నా తరఫున పలికిందనుకుని పొంగిపోయాను. తనకు తెలిసిన దాన్ని కడుపులో పెట్టుకుని, కొడుకొక్కడిదే తప్పన్నట్టు తిట్టింది. మెట్టుగూడ వచ్చేదాకా ఒకటే పని. రోడ్డు, అద్దాలు, క్లచ్. వీటి మీదే మనసు పెట్టి నడిపాను.

మా వీధి మలుపులో ఆవిడ నా మోచేతి మీద చెయ్యి వేసింది. "వాడికి మాత్రం చెప్పకమ్మా. మొన్న వాణ్ని అన్నన్ని మాటలు అన్నాను. నాకూ తెలుసని తెలిస్తే నా మొహం చూస్తాడా?"

"దాచిపెట్టినవాళ్లు మన ఇంట్లో ఇద్దరు చాలత్తయ్యా" అన్నాను. "మూడోదాన్ని నేను కాను."

గేటు ముందు ఆపి హారన్ కొట్టాను. నతానియేల్ గొడుగు వేసుకుని వచ్చాడు, తల్లిని దింపుకోవడానికి. అత్తయ్య వైపు అద్దం దించాను. డోరు లాకు మాత్రం తీయలేదు.

"ఆగు. మీ అమ్మ నీకో మాట చెప్పాలి. చెప్పాకే దిగుతారు."

"లోపలికొచ్చి మాట్లాడుకోవచ్చు కదా, వానలో..."

"ఇక్కడే."

అత్తయ్య నా వైపు చూసింది. నేను ముందుకు చూస్తున్నాను. ఇంజను ఆపలేదు. ఆవిడ గొంతు సవరించుకుంది. "ఒరేయ్, ఆ రోజు..." అని మొదలుపెట్టింది. మూడు దశాబ్దాలు పాఠాలు చెప్పిన ఆ గొంతు మొదటిసారి తడబడటం విన్నాను. నాలుగు వాక్యాలు. అంతకంటే లేవు. నాలుగూ పూర్తిచేసింది.

కిటికీ దగ్గర వంగి వింటున్నవాడు నిటారుగా లేచాడు. గొడుగు పక్కకు వాలిపోయింది. బానెట్ ముందుకు నడిచి వచ్చి, అక్కడ ఆగి, నా వైపు తిరిగాడు. ఏదో అంటున్నాడు. వినబడలేదు. తుంపర అద్దమంతా పరుచుకుని అతని మొహం అలుక్కుపోయింది.

వైపర్ వేశాను. ఆ మొహాన్ని సరిగ్గా చూడాలనిపించింది.